ఒక స్వరం పైన పలికే ఆర్గన్

హిల్లెర్‌వార్ఫ్‌లో టాల్కె ఉకెనను మెచ్చుకోనివాళ్ళు లేరు, ఆమె రాసిన సంగీతాన్ని మెచ్చుకున్నవాళ్ళూ లేరు. ఆదివారం కీర్తనలకు ఆమె ఆర్గన్ వాయిస్తే ముసలమ్మలు కళ్ళు తుడుచుకుంటారు. అదే ఆర్గన్ మీద ఆమె సొంతంగా కట్టింది వాయించిన రోజున ఆ ముసలమ్మలే బయటికొచ్చి, కోటు గుండీలు పెట్టుకుంటూ, "పాపం, ఎంత మంచి పిల్ల!" అని నిట్టూరుస్తారు. పిల్లకు అరవై దాటింది. సముద్రపు గట్టు పక్కన మట్టిదిబ్బ మీద కూర్చున్న ఊరు మాది, ఎవరినైనా ఒకసారి పిల్ల అన్నామంటే పోయేదాకా పిల్లే.

పాల లారీ నడిపే ఆయన కూతురు టాల్కె. బ్రేమెన్ వెళ్ళి సంగీతం చదువుకుని, తిరిగొచ్చి లేర్ పట్నంలో బడిపిల్లలకు పాటలు నేర్పి, ఊరి చర్చిలో ఆర్గన్ వాయిస్తూ స్థిరపడింది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "నాకు పైన ఒక ముసలాయన ఉన్నాడుగా" అని చర్చి మేడ మీది ఆర్గన్‌వైపు చూపించేది. ఆ ముసలాయన వయసు మూడున్నర శతాబ్దాలు. కొత్త సంగీతం రాసేవాళ్ళు కొత్త వాయిద్యాలు వెతుక్కోవడం లోకరీతి. టాల్కె ఈ ముసలిదాన్నే పట్టుకుంది. గొట్టాల వరసను తెరిచే పిడి సగమే లాగితే గొట్టం పాడదు, గాలి మాత్రం పంటిసందు ఈలలా జారుతుంది. ఆమెకు ఆ ఈలే కావాలి. మీటను నిదానంగా, గుడ్డు మీద చెయ్యి వేసినట్టు నొక్కితే స్వరం పుట్టకముందు ఒక చిన్న దగ్గు వినిపిస్తుంది. ఆమెకు ఆ దగ్గూ కావాలి. మిగతావాళ్ళు లోపాలనుకునేవాటినే ఏరి, దండ గుచ్చి, పాట అనేది. హాలండ్ నుంచి ఒకరిద్దరు వాద్యకారులు వచ్చి ఆమె రాసినవి పట్టుకెళ్ళి అక్కడి పాత ఆర్గన్ల మీద వాయించేవాళ్ళు. ఊళ్ళో మాత్రం వాటికి ఒకటే పేరు: టాల్కె పిల్లికూతలు.

ఆ పిల్లికూతల చరిత్రలో ఒక ఘట్టం ఇంకా టీ బల్లల దగ్గర నడుస్తూనే ఉంటుంది. ఇరవై ఏళ్ళ కిందట ఆమె ఒక పాట కట్టింది. దాని చివర స్వరాలన్నీ పట్టుకుని ఉండగా తిత్తులకు గాలి అందించే మోటారు ఆపేయాలి. తిత్తుల్లో మిగిలిన గాలి మెల్లగా తరిగిపోతుంటే స్వరాలు వంగి, కుంగి, ఒక్కొక్కటే ఆరిపోతాయి. రెండేళ్ళు కష్టపడి రాసిన పాటకు అదే ప్రాణం. తీరా కచేరీ రోజున స్వరాలు వంగడం మొదలయ్యాయో లేదో, మెట్ల మీద బూట్ల చప్పుడు, వెంటనే మోటారు గుర్రుమనడం, ఆర్గన్ మళ్ళీ నిండు గొంతుతో అరవడం! చర్చి పనులు చూసుకునే హార్మ్ ఫ్రెరిక్స్, కరెంటు పోయిందనుకుని పరుగెత్తుకొచ్చి స్విచ్ వేశాడు.

"ఏంటి బాబాయ్ ఇది!" అని టాల్కె ఏడ్చినంత పని చేసింది.

"ఏంటంటే? ముసలాయనకి ఊపిరి పోతుంటే చూస్తూ కూర్చోమంటావా?" అన్నాడు హార్మ్ ఆయాసపడుతూ. "దానికి చప్పట్లు కూడా కొట్టమంటావా?"

నిజానికి ఆమెకు సంగీతంలో అక్షరాభ్యాసం చేయించింది ఆ హార్మ్ బాబాయే. సముద్రపు గట్టు కింద తూము తలుపులు కాపలా కాయడం అతని ఉద్యోగం. పోటుకు మూసి, పాటుకు తెరవాలి. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో ఊరి పిల్లలకు బాకా ఊదడం నేర్పేవాడు. పాస్టరు ప్రసంగానికి రానివాళ్ళు కూడా మా ఊరి బాకా బృందం కోసం చర్చికి వస్తారు. అందులో అందరికంటే పెద్ద బాకా, ట్యూబా, అతనిది. ఎనిమిదేళ్ళ టాల్కె చేతికి చిన్న బాకా ఇచ్చి అతను మొదట చెప్పింది స్వరం గురించి కాదు. "ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ముందు చూసుకో. ఊపిరి దొరికితే స్వరం అదే వస్తుంది." ఊదే మూతిని ట్యూబా నుంచి ఊడదీసి కోటు జేబులో వేసుకున్నాడంటే ఆ రోజుకు అతని వాయిద్యం అయిపోయినట్టే. పాస్టరు బతిమాలినా మళ్ళీ తీసేవాడు కాడు.

మొదట్లో టాల్కె బాకా ఊదింది, తర్వాత ఆర్గన్ దగ్గరికి మళ్ళింది. అప్పటినుంచి పండగ పండక్కీ ఆమె పైన వాయిస్తుంటే అతను పక్కన నిలబడి ఊదాడు. ఆమె తండ్రిని సాగనంపిన రోజూ ఊదాడు.

ఆర్గన్‌కు పెద్ద మరమ్మతు తప్పదని తేలినప్పుడు వెస్సెల్ అనే డచ్చి పనివాడు వచ్చాడు. గొట్టాలన్నీ దించి, పెట్టెలకెత్తి, తన కార్ఖానాకు తీసుకుపోయాడు. అప్పటికే టాల్కె ఆర్గన్ తిరిగొచ్చే రోజుకోసం ఒక పాట రాసి ఉంచింది. ఆర్గన్, హార్మ్ ట్యూబా, ఇద్దరే. హార్మ్‌కు ఎనభై దగ్గరపడింది. ఊపిరితిత్తులు మూలబడ్డాయి. "ఆ ఒక్క రోజు ఊదుకోండి, ఆ తర్వాత దాన్ని అటక మీద పెట్టెయ్యండి" అన్నాడు డాక్టరు. అది ఇద్దరికీ తెలుసు. హార్మ్ పాటను ఇంటికి తీసుకెళ్ళి, చలికాలమంతా రోజూ కాస్త కాస్త సాధన చేసి కంఠతా పట్టాడు.

ఒక శీతకాలపు సాయంత్రం సంఘపెద్దలు కూర్చున్న గదిలోకి వెస్సెల్ ఒక గొట్టం పట్టుకుని వచ్చాడు. టీ కప్పుల మధ్య దాన్ని పడుకోబెట్టాడు.

"చూడండి. శ్రుతి దించడానికి దీని మెడకి ఎవరో తర్వాత రేకు పట్టీ తొడిగి పొడుగు పెంచారు. విప్పి చూశాను. లోపల పాత అంచు చెక్కుచెదరకుండా ఉంది. అన్నిటికీ అంతే. పట్టీలు తీసేస్తే చాలు, కట్టినవాడు విన్న శ్రుతి మీరూ వింటారు. కాకపోతే ఇప్పటి వాయిద్యాలన్నిటికంటే ఒక స్వరం పైన పలుకుతుంది."

టాల్కె ఆ పాత అంచును వేలితో తడిమింది. ఇన్నేళ్ళూ మెడకు పట్టీ కట్టుకున్న గొంతుతోనా ఆ ముసలాయన తనతో మాట్లాడింది! వద్దనేవాళ్ళు వద్దన్నారు. పాస్టరమ్మ ఇమ్కె, కీర్తనలు అంత పైస్థాయిలో ఎవరు పాడతారని అడిగింది. టాల్కె పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పింది. ఆఖరున మూలనుంచి హార్మ్ చెయ్యెత్తాడు.

"అంతా బానే ఉంది. మరి నా బాకా సంగతేంటమ్మాయ్? నా గొట్టానికి పట్టీలేం లేవే, తీసెయ్యడానికి."

"నేను ఒక స్వరం దించి వాయిస్తాను బాబాయ్. నీకు తేడాయే తెలీదు. పూచీ నాది."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. పాత శ్రుతి సంగతి ఆమెకు తెలియక కాదు. పుస్తకాలు చదివింది, పరీక్షలు రాసింది. కానీ చేతులు నేర్చుకున్నది వేరే చదువు. ఆ చేతులు ముప్పై ఏళ్ళుగా అన్ని మీటలూ సమానంగా పలికే ఆర్గన్ మీద తిరిగాయి. ఏ మెట్టు మీద మొదలుపెట్టినా పాట ఒకేలా వచ్చేది. ఆ అలవాటే ఆ సాయంత్రం ఆమె నోట మాట్లాడింది. హార్మ్ ఆమె మాట నమ్మి చెంచాను కప్పులో పడుకోబెట్టాడు. చెంచా పడుకుందంటే చాలని అర్థం, ఇక టీ పొయ్యరు. సంఘం సరేనంది.

వసంతంలో ఆర్గన్ తిరిగొచ్చింది. పెంతెకొస్తు పండగకు రెండు వారాలుందనగా వెస్సెల్ చివరి గొట్టం సరిచేసి, "ఇక నీ ఇష్టం" అని కిందికి దిగిపోయాడు. టాల్కె మొదటి మేళవింపు నొక్కింది. మూడు స్వరాలు ఒకదాన్లో ఒకటి కరిగి, కదలకుండా, నూనె పోసినట్టు నిలబడ్డాయి. ఇన్నేళ్ళూ తాను విన్నవాటిలో ఏదో ఒక మూల సన్నని వణుకు ఉండేదని ఆమెకు అప్పుడే తెలిసింది. ఆనందం పట్టలేక నవ్వేసింది. మర్నాడు హార్మ్‌ను రమ్మంది.

హార్మ్ ట్యూబా మోసుకుని మేడ ఎక్కేసరికి బాగా పొద్దెక్కింది. మెట్టు మెట్టుకూ ఆగాడు. మోటారు స్విచ్ పక్కనున్న బెంచీ మీద కూర్చుని, జేబులోంచి మూతి తీసి, అరచేతిలో వెచ్చచేసి తగిలించాడు.

"మోయిన్, ముసలాయనా" అని ఆర్గన్‌ను పలకరించాడు. "డాక్టరు నీకు బాగానే చేశాడే!"

అతను ఊదాడు. టాల్కె మాట ఇచ్చినట్టే ఒక స్వరం దించి మేళవింపు పట్టింది.

ఆ వచ్చింది సంగీతం కాదు. కూత. గొట్టాల మధ్య ఏదో జంతువు ఇరుక్కుపోయి అరిచినట్టుంది. కింద పూలకుండీలు సర్దుతున్న ఇమ్కె పాస్టరమ్మ తలెత్తి చూసింది.

పాత శ్రుతి లక్షణం అదే. కొన్ని మేళవింపులు అంత తియ్యగా ఉండాలంటే మరికొన్నిటిని చేదుకు వదిలెయ్యాలి. ఆ చేదంతా పోగుపడే చోటును మా ఆర్గన్ వాళ్ళు తోడేలు అంటారు. పాత పాటలు దాని జోలికి పోకుండా తిరుగుతాయి. బాకాలకు సుఖమైన స్వరాలను ఒక స్వరం దించి ఈ ఆర్గన్ మీద పట్టబోతే, వేళ్ళు సరిగ్గా ఆ తోడేలు నోట్లోకే పోతాయి.

టాల్కె చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మా తూము తలుపు సందులోంచి ఉత్తరపు గాలి కొడితే అచ్చం ఇలాగే కూసేది" అన్నాడు హార్మ్ ప్రశాంతంగా. "ఇది ఆర్గన్ తప్పు కాదు. నా తప్పూ కాదు. మరి ఎవరిదమ్మాయ్?"

"నాదే బాబాయ్."

"నువ్వు ఒప్పుకున్నావు కాబట్టి ఇక తిట్టను."

వెస్సెల్‌ను అడిగితే, నాలుగు గొట్టాలకు మళ్ళీ చిన్న పట్టీలు వేయొచ్చన్నాడు, అడిగినందుకు ఆమె కళ్ళల్లోకి మాత్రం చూడలేదు. ఇమ్కె మంచి మనసుతో, పక్కన ఒక కరెంటు పియానో పెట్టుకోకూడదా అంది. టాల్కె చూసిన చూపుకు మళ్ళీ పూలకుండీల దగ్గరికి పోయింది. పాటను వేరే స్వరంలోకి మారిస్తే ఊదగలవా అని హార్మ్‌ను అడిగారు. "ఈ వేళ్ళకి, ఈ ఊపిరికి ఇక కొత్త పాఠం ఎక్కదమ్మా. చలికాలమంతా ఒక్కటే కూడబెట్టుకున్నాను" అన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏ ఆర్గన్ కోసం పోరాడి తెచ్చుకుందో ఆ ఆర్గన్ పక్కన హార్మ్ బాబాయికి చోటు లేకుండా తానే చేసింది. అదీ ఆఖరిసారికి.

చివరికి ఒక మధ్యాహ్నం, పాట మానేద్దామని చెప్పడానికి హార్మ్ ఇంటికి వెళ్ళింది. అతను కప్పులో కలకండ ముక్క వేసి, వేడి టీ పోసి, అది చిటపటమనేదాకా ఆగి, పైన మీగడ జార్చాడు. మొదటి కప్పు అయ్యేదాకా పనిమాట ఎత్తకూడదు. రెండో కప్పు దగ్గర ఆమె నోరు తెరవబోయింది.

"తెలుసులే. మానేద్దామంటావు. సరే, మానేద్దాం. కానీ ఇంత కష్టపడి నేర్చుకున్నాను, ఒక్కసారి కూర్చుని వినవే. ముసలాణ్ణి మెచ్చుకుని వెళ్ళు."

వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఊదడం మొదలుపెట్టాడు. టాల్కె తల వంచుకుని వింది. చిన్నప్పటినుంచి ఆమె విన్న హార్మ్ పాట ఆగమన్నచోట ఆగి, అక్కడే ఊపిరి తీసుకునేవాడు. ఈ హార్మ్ ఊపిరి ఆగమన్నచోట ఆగుతున్నాడు. స్వరం సగంలో తెగిపోతుంది. ఛాతీ ఎగసిపడుతుంది. ఆ కాసేపు వంటింట్లో గోడ గడియారం తప్ప ఏమీ వినిపించదు. మళ్ళీ అదే స్వరాన్ని, వదిలిన చోటు నుంచే, ఎత్తుకుంటాడు. ఒక్క స్వరం కూడా వదలడు.

ఆమె ఆ ఖాళీలు వినసాగింది. ప్రతి ఖాళీలోనూ ఆమె చెవిలో ఆ తెగిన స్వరం ఇంకా మోగుతోంది. మేళవింపు కాదు. ఒక్క స్వరం. మేళవింపులో తోడేలు ఉంటుంది. ఒంటరి స్వరంలో ఎక్కడుంటుంది?

టాల్కె లేచి నిలబడింది. మూడో కప్పు పోసి ఉంది, మీగడ ఇంకా విడిపోలేదు.

"అదేంటే, టీ?" అన్నాడు హార్మ్ నిర్ఘాంతపోయి.

"తర్వాత తాగుతాను బాబాయ్!"

మా ఫ్రీస్‌లాండ్ సీమలో మూడో కప్పు తాగకుండా లేచిపోవడం అంటే మాటలు కాదు. పక్కింటావిడ కిటికీలోంచి చూసి, ఇద్దరికీ పెద్ద గొడవైందని సాయంత్రానికల్లా ఊరంతా చాటింది.

తాను రాసిన మేళవింపులన్నీ టాల్కె కొట్టేసింది. రెండేళ్ళ కిందట ఎంతో గర్వంగా రాసుకున్నవి. ఒక్కటి కొట్టేస్తే ప్రాణం ఉసూరుమంది, పదోది కొట్టేసేటప్పటికి చెయ్యి తేలికైంది. చివరికి కాగితం మీద హార్మ్ ఊదే వరస ఒక్కటే మిగిలింది. కింద ఆర్గన్‌కు ఖాళీ గీతలు. ఇమ్కె చూసి బిక్కమొహం వేసింది.

"ఇందులో నీకేం లేదే?"

"నాది ఆయన దగ్గరుంది పాస్టరమ్మా."

హార్మ్‌కు రెండే ముక్కలు చెప్పింది. "నీకు ఊపిరి అందనప్పుడు ఆపెయ్. స్వరం నేను పట్టుకుంటాను. తీసుకోవాలనిపించినప్పుడు వచ్చి తీసుకో."

"ఎక్కడ ఆపుతానో నీకెలా తెలుస్తుంది?"

"ఆర్గన్ మీదున్న అద్దంలో నీ భుజాలు కనిపిస్తాయి. ఎనిమిదేళ్ళప్పటినుంచీ చూస్తున్నవేగా."

పెంతెకొస్తు రోజున చర్చి నిండిపోయింది. ముందు కీర్తనలు. ఒక స్వరం పైన పాడలేక మగవాళ్ళు సగంలో గొంతు మింగేశారు, ఆడవాళ్ళు మాత్రం రెచ్చిపోయి పాడారు. తర్వాత అందరూ గుండె కాస్త చిక్కబట్టుకున్నారు, పిల్లికూతల వంతు వచ్చింది కాబట్టి.

హార్మ్ మొదలుపెట్టాడు. ఆర్గన్ ఊరుకుంది. వరస సాగుతూ ఉండగా అతని భుజాలు ఎగిశాయి. స్వరం తెగబోయింది, తెగలేదు. అదే స్వరం ఒక పాత కొయ్య గొట్టంలో నిలబడింది. ఎక్కడ చేతులు మారాయో కింద ఎవరికీ అంతుపట్టలేదు. హార్మ్ ఊపిరి తీసుకున్నాడు, తొందరపడలేదు. పెదవులతో శ్రుతి సవరించుకుని, పైకొచ్చి, స్వరాన్ని ఆమె దగ్గర నుంచి తీసుకున్నాడు. టాల్కె మీట వదిలేసింది. మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ తీసుకున్నాడు. కొంతసేపటికి అతను ఇవ్వడానికి భయపడటం మానేశాడు. అద్దంలో అది కనిపించి ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

చివరి స్వరం హార్మ్‌దని మాట. ఆర్గన్ ముందు ఆగాలి, ఆఖరి చప్పుడు అతనిదై ఉండాలి. అతను ఆ స్వరాన్ని ఎత్తుకుని కాసేపు పట్టుకున్నాడు. ఊపిరి అయిపోయింది. ఆమె అందుకుంది. అతను తిరిగొస్తాడని ఎదురుచూసింది. ఎంతసేపైనా ఎదురుచూడగలదు, ఆర్గన్‌కు ఊపిరికేం కొదవ?

అద్దంలో హార్మ్ కళ్ళు మూసుకుని వింటున్నాడు. తర్వాత మెల్లగా ట్యూబా మూతి తిప్పి ఊడదీశాడు. రుమాలుతో తుడిచి కోటు జేబులో వేసుకున్నాడు.

టాల్కె అది చూసింది. అయినా మీట వదల్లేదు. ఇంకా వెలుగుండగానే దీపం ఆర్పెయ్యడానికి చెయ్యి రాదు కదా.

అప్పుడు హార్మ్ పక్కకు వంగి, గోడకున్న స్విచ్ మీద చెయ్యి వేసి, మోటారు ఆపేశాడు.

తిత్తులు దిగడం మొదలుపెట్టాయి. స్వరం ముందు అలాగే ఉంది, తర్వాత అంచున కాస్త వణికింది, తర్వాత నిదానంగా కిందికి జారింది. పాటుకు తూము తలుపు తెరిస్తే కాలువ నీళ్ళు సముద్రంలోకి జారిపోయినట్టు, దిగి, దిగి, చివర గాలి మాత్రమే మిగిలి, అదీ ఆగింది. కింద ఒక్కరు కూడా దగ్గలేదు. కరెంటు పోయిందని ఎవరూ లేవలేదు.

చాలాసేపటికి టాల్కె మీట మీద నుంచి వేలు తీసి వెనక్కి తిరిగింది. హార్మ్ ఖాళీ ట్యూబాను రెండు చేతులతో ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాడు.

"ఇరవై ఏళ్ళ కిందట నువ్వు వినిపిద్దామనుకున్నది ఇదేనటే?" అన్నాడు గుసగుసగా.

"ఇదే బాబాయ్."

"అప్పుడే చెప్పొద్దూ మరి" అన్నాడు హార్మ్. "బాగుందే."